దూతలకు ఆజ్ఞాపించే అధికారం ఎవరిచ్చారు?



కొన్ని నెలలుగా మా చుట్టుపక్కల ఊళ్లలో ఒక బోధ తిరుగుతోంది. ఫ్లెక్సీలు కట్టారు, మైకులు పెట్టారు, వాట్సాప్‌లో ఆడియోలు పంపుతున్నారు. పరలోకంలో ఏడుగురు ప్రధానదూతలు ఉన్నారట, ఒక్కొక్కరికి ఒక్కో శాఖ ఉందట. జబ్బుకు రఫాయేలు, కోర్టు కేసుకు మిఖాయేలు, సంతానానికి గబ్రియేలు, పిల్లల చదువుకు ఊరియేలు. వారంలో రోజుకొక దూత. ఆ దూతను పేరు పెట్టి పిలిచి, "వెళ్లు, తీసుకురా" అని ఆజ్ఞాపిస్తే పని అయిపోతుందట. పిలవడం చేతకాని వారికి 150 రూపాయలకు ఒక నూనె సీసా. సీసా మీద రెక్కల బొమ్మ.

మేము ఎవరి పేరూ రాయడం లేదు. ఆ సేవకులలో కొందరు మా బల్ల దగ్గర భోజనం చేసినవారే. అయితే బోధ బహిరంగంగా జరుగుతోంది గనుక జవాబు కూడా బహిరంగంగానే ఉండాలని మేము, మా సంఘ పెద్దలు అనుకున్నాము. "పాస్టరయ్యకు దూతల మీద నమ్మకం లేదు" అని ఇప్పటికే ఒక మాట పుట్టించారు. నమ్మకం ఉంది. ఉంది గనుకే ఇది రాస్తున్నాము.

మొదట బైబిలు తెరవండి. ప్రధానదూత అనే మాట అరవై ఆరు పుస్తకాలలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. రెండంటే రెండే సార్లు. 1 థెస్సలొనీకయులకు 4:16లో ప్రభువు దిగివచ్చేటప్పుడు ప్రధానదూత శబ్దం వినబడుతుందని పౌలు రాశాడు. ఏ దూతో పేరు చెప్పలేదు. యూదా పత్రిక 9వ వచనంలో మిఖాయేలును ప్రధానదూత అన్నాడు. అంతే. గబ్రియేలును బైబిలు ఎక్కడా ప్రధానదూత అనలేదు. దేవుని సముఖంలో నిలిచేవాడనని అతడే లూకా 1:19లో చెప్పుకున్నాడు. కడబూర ఊదేది గబ్రియేలే అని మన పిల్లలు నాటకాలు వేస్తారు కానీ, ఆ సంగతి కూడా వాక్యములో లేదు. మిగిలిన ఐదుగురి పేర్లు దూతల పేర్లుగా మన బైబిలులో వెదకినా దొరకవు.

హెబ్రీ భాషలో దూతకు వాడిన మాటకు, గ్రీకు భాషలో వాడిన మాటకు అర్థం ఒక్కటే, కబురు తెచ్చేవాడు. మన తెలుగు తర్జుమా చేసిన పెద్దలు దూత అని సరిగ్గా పెట్టారు. తహసీల్దారు ఆఫీసు నుంచి బంట్రోతు నోటీసు తెస్తే అతనికి మంచినీళ్లు ఇస్తాము, కూర్చోమంటాము. అంతే గాని, "నా పట్టా మార్చి రాయి" అని అతనికి ఆజ్ఞాపించము. మార్చే చెయ్యి అతనిది కాదు, వచ్చిన సంతకం అతనిది కాదు. మన ఊళ్లో చదువు రాని ముసలవ్వకు కూడా తెలిసిన ఈ సంగతి, మైకు పట్టుకున్నవారికి తెలియకపోవడమే వింత.

వాళ్లు ఎక్కువగా ఎత్తి చూపే భాగం దానియేలు 10వ అధ్యాయం. సరే, అక్కడికే వెళదాము. పారసీక రాజైన కోరెషు పరిపాలన మూడవ సంవత్సరం. దానియేలు ముసలివాడు. మూడు వారాలు రుచిగల ఆహారం ముట్టలేదు, మాంసం తినలేదు, ద్రాక్షారసం తాగలేదు, నూనె రాసుకోలేదు. (నూనె రాసుకోలేదు అన్న మాట సీసాలు అమ్మేవారు ఎప్పుడూ చదవరు.) హిద్దెకెలు నది ఒడ్డున అతనికి ఒక దర్శనం వచ్చింది. వచ్చినవాడు చెప్పిన సంగతి ఏమిటి? నీవు మనసు పెట్టిన మొదటి రోజే నీ మాట వినబడింది, కానీ పారసీకుల రాజ్యాధిపతి 21 దినాలు నన్ను అడ్డగించాడు, అప్పుడు ప్రధానాధిపతులలో ఒకడైన మిఖాయేలు నాకు సహాయం చేయడానికి వచ్చాడు అన్నాడు.

ఇప్పుడు నెమ్మదిగా ఆలోచించండి. ఆ 21 దినాలు పైన యుద్ధం జరుగుతున్నట్టు దానియేలుకు తెలుసా? తెలియదు. అంతా అయిపోయాక వచ్చినవాడు చెబితే తెలిసింది. మిఖాయేలును అతడు పిలిచాడా? ఆ అధ్యాయమంతా వెదకండి, పిలిచినట్టు ఒక్క మాట లేదు. అంతకు ముందు 9వ అధ్యాయంలో అతడు చేసిన ప్రార్థన మొత్తం ఉంది. అది ఎవరికి చేశాడు? ప్రభువైన దేవునికి. పాపము ఒప్పుకున్నాడు, యెరూషలేము కోసం బతిమాలాడు, దేవుని కనికరాన్ని అడిగాడు. దూత పేరు ఎత్తలేదు. గబ్రియేలు వచ్చింది ఆ ప్రార్థన మధ్యలోనే, పంపబడి వచ్చాడు, పిలవబడి కాదు. దూతలను గూర్చి పాత నిబంధనలో ఎంతో చూసినవాడు దానియేలు. ఆయనే వారిలో ఒక్కరికీ ఒక్క ఆజ్ఞ ఇవ్వలేదు. వచ్చినవాణ్ణి చూసి అతడు చేసిన పని ఒక్కటే. బలం పోయి నేలమీద పడ్డాడు. ఈనాడు స్టేజీ మీద చిటికె వేసి మిఖాయేలును పిలిచేవాడు దానియేలు కంటే పెద్దవాడా?

మిఖాయేలు పని ఏమిటో కూడా అక్కడే ఉంది. దానియేలు 12:1లో అతడు ఆ ప్రజల పక్షంగా నిలిచే గొప్ప అధిపతి. ప్రకటన 12:7లో తన దూతలతో కలిసి ఘటసర్పముతో యుద్ధం చేసినవాడు. అతని పేరుకు అర్థం "దేవునివంటివాడెవడు?" అని. పేరే ఒక ప్రశ్న. అతణ్ణి పిలిచిన ప్రతిసారీ ఆ ప్రశ్న పిలిచినవాని ముఖం మీదే పడుతుంది. హెబ్రీలో ఏలు అంటే దేవుడు. మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు, ఊరియేలు, అన్నిటి చివరా ఉన్నది ఆ ఏలే. రఫాయేలు అంటే దేవుడు స్వస్థపరచాడు అని అర్థం. దేవుణ్ణి తీసివేసి రఫాయేలును పిలిస్తే మిగిలేది సగం పేరు.

మరి ఆ ఏడుగురు ఎక్కడినుంచి వచ్చారు? ఇది మన విశ్వాసులకు ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం విపులంగా రాస్తాము. కట్టుకథలు అని తోసివేయడం న్యాయం కాదు. అవి యూదుల పాత గ్రంథాలు. వాటికి వాటి చరిత్ర ఉంది.

తోబీతు అనే గ్రంథం కతోలిక, ప్రాచ్య సంఘాల బైబిళ్లలో ఉంటుంది, మన ప్రొటెస్టెంటు బైబిలులో ఉండదు. కుమ్రాను గుహలలో దాని అరామిక్, హెబ్రీ ముక్కలు దొరికాయి గనుక అది యేసుప్రభువు కాలానికి ముందుదే. దేవుని మహిమ ఎదుట నిలిచే ఏడుగురు దూతలలో నేనొకడిని అని రఫాయేలు చెప్పేది అందులోనే. ఇక హనోకు పేరుతో ఉన్న గ్రంథం. దాని 20వ అధ్యాయంలో జాబితా ఉంది. ఊరియేలు, రఫాయేలు, రగూయేలు, మిఖాయేలు, సరియేలు, గబ్రియేలు. ఇథియోపియా ప్రతిలో ఆరు పేర్లే ఉన్నాయి, గ్రీకు ప్రతిలో రెమియేలు కలిసి ఏడు. అదే గ్రంథం 40వ అధ్యాయంలో నలుగురే, అందులో ఊరియేలు లేడు, ఫనూయేలు ఉన్నాడు. అంటే జాబితా ఆ పుస్తకంలోనే ఒక చోట ఉన్నట్టు మరొక చోట లేదు. మరి ఫ్లెక్సీ మీద ఏడు పేర్లు, ఏడు రంగులు, ఏడు వారాలు అంత గట్టిగా ఎలా అచ్చు వేశారు?

"యూదా పత్రికలో హనోకు మాట ఉంది కదా" అని అంటారు. ఉంది, 14, 15 వచనాలలో. పౌలు కూడా ఏథెన్సులో గ్రీకు కవుల మాట వాడాడు, తీతుకు రాసిన పత్రికలో క్రేతీయుల మాట వాడాడు. ఒక మాట వాడుకున్నంత మాత్రాన ఆ పుస్తకమంతా లేఖనం అవుతుందా? ఇథియోపియా సనాతన సంఘం హనోకు గ్రంథాన్ని తన బైబిలులో ఉంచుకుంది, అది వారి సంగతి. మనకు సంగతి ఏమిటంటే, వాళ్లు ఆధారంగా చూపే ఆ గ్రంథాలు కూడా వాళ్ల పక్షాన సాక్ష్యం చెప్పవు.

తోబీతు కథనే చూడండి. తోబీతు కళ్లు పోయి ఉన్నాడు. కొడుకు తోబియాకు ప్రయాణంలో తోడు కావాలి. రఫాయేలు మారు పేరుతో వచ్చాడు, రోజుకూలి మాట్లాడుకుని వెంట వెళ్లాడు. చేప పిత్తంతో ముసలివాని కళ్లు బాగయ్యాయి. పాపం ఒక ఆడపిల్లను పీడిస్తున్న దయ్యం పారిపోయి బంధించబడింది. పని అంతా అయ్యాక తండ్రీ కొడుకులు ఆలోచించుకుని, తెచ్చిన దానిలో సగం నీదే, తీసుకో అన్నారు. మాట్లాడుకున్న కూలి కాదు, సగం ఆస్తి! అప్పుడు రఫాయేలు వాళ్లిద్దరినీ పక్కకు పిలిచి, దేవుణ్ణి స్తుతించండి, నేను నా ఇష్టంతో రాలేదు, ఆయన చిత్తంతో వచ్చాను అని చెప్పి, పైకి వెళ్లిపోయాడు. సగం ఆస్తి అక్కడే ఉండిపోయింది. రఫాయేలు పేరు మీద డబ్బు తీసుకునేవారు కనీసం రఫాయేలు కథ అయినా చదవాలి కదా.

అంతకు ముందే న్యాయాధిపతులు 13లో ఇదే జరిగింది. మానోహ మేకపిల్లను వండుతానన్నాడు. దూత తిననన్నాడు, అర్పిస్తే యెహోవాకు అర్పించమన్నాడు. పేరు చెప్పమన్నాడు మానోహ. ఎందుకు అడుగుతున్నావు అన్నాడే గాని చెప్పలేదు. భోజనం వద్దన్నాడు, పేరు దాచుకున్నాడు. మన ప్రాంతంలో తిరిగే దూతలు మాత్రం పేరు ముందే చెబుతున్నారు, కానుక తర్వాత కాదు, ముందే అడుగుతున్నారు.

హనోకు గ్రంథం 9వ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది, న్యాయంగా అది కూడా చెప్పాలి. భూమి మీద రక్తం ప్రవహించినప్పుడు చంపబడిన వారి ఆత్మలు మా వ్యాజ్యెం సర్వోన్నతుని దగ్గరకు తీసుకువెళ్లమని పరలోక పరిశుద్ధులకు మొరపెట్టాయి అని రాసి ఉంది. అప్పుడు ఆ నలుగురు ప్రధానదూతలు ఏం చేశారు? తామే దిగివచ్చి శత్రువులను కొట్టారా? లేదు. దేవుని ఎదుట నిలబడి, నీకు అన్నీ తెలుసు, మేము ఏం చేయాలో నీవు మాకు చెప్పడం లేదు అని విన్నవించుకున్నారు. తర్వాతి అధ్యాయంలో దేవుడు ఒక్కొక్కరికి ఆజ్ఞ ఇచ్చాడు, అజాజేలును కట్టమని రఫాయేలుకు, మరొక పని మిఖాయేలుకు, ఇంకొకటి గబ్రియేలుకు. ఆజ్ఞ వచ్చేవరకు నలుగురూ చేతులు కట్టుకునే ఉన్నారు.

ఊరియేలు సంగతి మరీ ఆశ్చర్యం. యెరూషలేము దేవాలయం క్రీ.శ. 70లో కూలిన తర్వాత, ఆ దుఃఖంలో పుట్టిన గ్రంథం ఒకటి ఎజ్రా పేరుతో ఉంది. సీయోను ఎందుకు పాడైంది, అన్యజనులు ఎందుకు సుఖంగా ఉన్నారు అని అందులో ఎజ్రా గుండె పగిలి అడుగుతాడు. ఊరియేలు వచ్చి రహస్యం విప్పుతాడని మనం అనుకుంటాము. ఊరియేలు ఎదురు ప్రశ్న వేశాడు. అగ్నిని తూచి చూపించు, గాలిని కొలిచి చూపించు, గడిచిపోయిన రోజును వెనక్కి పిలువు, అప్పుడు చెబుతాను అన్నాడు. మనిషికి అతని హద్దు చూపించడమే అక్కడ ఊరియేలు మొదటి పని. అతణ్ణి పదో తరగతి పరీక్షలో మార్కుల కోసం పిలవమని ఇప్పుడు మన పిల్లలకు నేర్పుతున్నారు.

యూదుల రబ్బీలకు దూతల మీద ఎంతో చెప్పుకునే అలవాటు ఉంది. అబ్రాహాము దగ్గరకు వచ్చిన ముగ్గురిలో శారాకు శుభవార్త చెప్పడానికి మిఖాయేలు, అబ్రాహామును బాగుచేయడానికి రఫాయేలు, సొదొమను కూల్చడానికి గబ్రియేలు అని బబులోను తాల్ముదు పంచి చెప్పింది. పరలోకంలోని బలిపీఠం దగ్గర మిఖాయేలు నిలిచి అర్పణ చేస్తున్నాడని ఇంకోచోట ఉంది. నేటికీ యూదులు పడుకునేటప్పుడు చేసే ప్రార్థనలో కుడివైపు మిఖాయేలు, ఎడమవైపు గబ్రియేలు, ముందు ఊరియేలు, వెనుక రఫాయేలు ఉండాలని కోరుకుంటారు. చాలా అందమైన ప్రార్థన. అయితే అది ఇశ్రాయేలు దేవుని నామములో చేసేది, తల మీద మాత్రం దేవుని సన్నిధి ఉండాలని అందులోనే ఉంది. దూతల పేర్లు మన పితరులు బబులోను నుంచి వెంట తెచ్చుకున్నవే అని ఆ రబ్బీలే దాచకుండా ఒప్పుకున్నారు. అన్నిటికంటే ముఖ్యం, క్రీ.శ. 400 ప్రాంతంలో కూర్చిన యెరూషలేము తాల్ముదులో ఒక బోధ. లోకంలో మనిషికి కష్టం వస్తే ముందు పెద్దమనిషి గుమ్మంలో నిలబడి నౌకరును పిలవాలి, లోపలికి రానిస్తారో లేదో తెలియదు. దేవుడు అలాంటివాడు కాడు, కష్టం వచ్చినవాడు మిఖాయేలునూ పిలవవద్దు, గబ్రియేలునూ పిలవవద్దు, నన్నే పిలవాలి, వెంటనే పలుకుతాను అంటాడు అని ఒక రబ్బీ చెప్పాడు. యేసును మెస్సీయగా ఒప్పుకోని రబ్బీకి తెలిసిన సంగతి, యేసు రక్తము చేత తెర చినిగి లోపలికి దారి దొరికిన మనకు తెలియకపోతే సిగ్గు కాదా?

ఇదంతా పుస్తకాల గొడవ, పాస్టరయ్యకు పనిలేదు అనుకునేవారు ఉంటారు. అయితే వినండి. మా సంఘంలో ఒక అక్కకు టీబీ వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి, ఇద్దరు పిల్లలు. ఆరు నెలలు మాత్రలు మింగాలని చెప్పి ఆశా వర్కరు ప్రతి నెలా ఇంటికి తెచ్చి ఇచ్చేది. రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. ఆ సమయంలో ఒక కూడికకు వెళ్లింది. రఫాయేలు నీ ఊపిరితిత్తులను ముట్టాడు, ఇక మాత్ర వేసుకుంటే దూతను అవమానించినట్టే అని స్టేజీ మీద చెప్పారు. ఆమె మానేసింది. మాత్రల డబ్బా అటక మీద పెట్టింది. మళ్లీ దగ్గు వచ్చి రక్తం పడేవరకు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే విశ్వాసం లేదంటారని భయం. టీబీ మందు మధ్యలో మానేస్తే ఆ పురుగు మొండిదవుతుంది, పాత మందుకు లొంగదు, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. పెద్దాసుపత్రికి తీసుకువెళ్లిన రోజు ఆమె మమ్మల్ని అడిగిన మాట ఒకటే. "అయ్యగారూ, మాత్ర వేసుకుంటే రఫాయేలుకు కోపం వస్తాదా?" చేప పిత్తంతో మందు చేయించిన దూతకు మాత్ర మీద కోపమా! ఆమెకు అంత భయం పెట్టినవారు దేవునికి లెక్క చెప్పాలి.

ఈ రోగం సంఘంలో కొత్తది కాదు. పౌలు కొలస్సయులకు 2:18లో దూతల ఆరాధన చేసేవాని చేత మోసపోవద్దని రాశాడు. ఆ పత్రికను లవొదికయ సంఘంలో కూడా చదివించమన్నాడు, ఆ ఊరు కొలస్సయికి 20 కిలోమీటర్ల లోపే. సుమారు 300 సంవత్సరాల తర్వాత అదే లవొదికయలో అధ్యక్షులు సభ కూడవలసి వచ్చింది. దేవుని సంఘాన్ని విడిచి దూతల పేర్లు పిలిచేవాడు శాపగ్రస్తుడని 35వ నియమంగా రాశారు. అంటే పౌలు రాసినా ఆగలేదు. అయిదవ శతాబ్దంలో థియొడొరెటు అనే అధ్యక్షుడు కొలస్సయుల పత్రికకు వ్యాఖ్యానం రాస్తూ, ఫ్రుగియ, పిసిదియలలో ఆ రోగం ఇంకా పోలేదు, మిఖాయేలు మందిరాలు ఈనాటికీ కనబడుతున్నాయి అని రాశాడు. చివరికి కొలస్సయి పక్కనే వెలసిన ఖోనె అనే ఊరు మిఖాయేలు పేరిట స్వస్థత నీటి ఊటకు ప్రసిద్ధి అయ్యింది. వద్దని పత్రిక అందుకున్న ఊరి పక్కనే జనం ఆ ఊట కోసం బారులు తీరారు. తాయెత్తు మీద మోజు అంత మొండిది.

తాయెత్తు అన్నది ఊరికే అనలేదు. మెసొపొటేమియాలో, నిప్పూరు వంటి పాత పట్టణాలలో, మట్టి గిన్నెలు దొరికాయి. లోపల గుండ్రంగా అరామిక్ రాత, మంత్రాలు, మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు పేర్లు. వాటిని ఇంటి గడప కింద బోర్లించి పాతిపెట్టేవారు, దయ్యం రాకుండా. మన ఇళ్లలో గుమ్మానికి నిమ్మకాయలు, గుమ్మడికాయ తీసివేయించి, అదే గుమ్మానికి దూత బొమ్మ నూనె పూయిస్తే ఏం మారింది? గుమ్మం అదే, భయం అదే.

ఇక 745లో రోములో జరిగిన విచారణ చదివితే నిన్న మన మండలంలో జరిగిందా అనిపిస్తుంది. ఫ్రాంకుల దేశంలో అల్దెబెర్టు అనే ఒక ప్రసంగికుడు ఉండేవాడు. పరలోకం నుంచి యేసు రాసిన ఉత్తరం యెరూషలేములో పడిందని, మిఖాయేలు దాన్ని కనుగొన్నాడని చెప్పి ఆ ఉత్తరం చూపేవాడు. పొలాలలో, ఊటల దగ్గర సిలువలు పాతి, చిన్న ప్రార్థన గుడులు కట్టి జనాన్ని సంఘాల నుంచి లాగేవాడు. తన గోళ్లు, వెంట్రుకలు పంచిపెట్టేవాడు. పాపము ఒప్పుకోవడానికి వచ్చినవారితో, చెప్పనక్కరలేదు, మీ రహస్యాలు నాకు తెలుసు, క్షమించబడ్డారు, వెళ్లండి అనేవాడు. అతని ప్రార్థనలో ఎనిమిది మంది దూతల పేర్లు ఉన్నాయి. ఊరియేలు, రగూయేలు, తూబూయేలు, సిమియేలు, ఇలా. బోనిఫేసు అనే మిషనరీ ఫిర్యాదు చేస్తే పోప్ జకర్యా సభ పెట్టి ఆ ప్రార్థన చదివించాడు. ఆ ఎనిమిదిలో మిఖాయేలు తప్ప మిగిలినవి దూతల పేర్లు కావు, దయ్యాల పేర్లు అని సభ తీర్పు చెప్పింది. మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు, ఈ మూడు పేర్లు మించి తమకు తెలియవన్నారు. 2001లో వాటికన్ ఇచ్చిన సూచనలలో కూడా ఈ మూడు తప్ప దూతలకు వేరే పేర్లు పెట్టడం తగదనే ఉంది.

మేము రోమా సంఘస్తులం కాము. సెప్టెంబరు 29న వారు చేసే దూతల పండుగ గాని, నవంబరు 8న ప్రాచ్య సంఘాలు చేసేది గాని మేము చేయము. మా కొరకు ప్రార్థించమని మిఖాయేలును అడగడాన్ని కూడా మేము ఒప్పుకోము. అయినా ఒక్క మాట చెప్పక తప్పదు. కతోలిక అవ్వ మిఖాయేలు బొమ్మ ముందు చేతులు జోడించి బతిమాలుకుంటుంది. మన వాక్య ప్రసంగికుడు మైకులో మిఖాయేలుకు ఆర్డరు వేస్తాడు. ఇద్దరిలో ఎక్కువ తెగించినది ఎవరు?

"హెబ్రీయులకు 1:14లో దూతలు మన పరిచారకులని ఉంది కదా, పరిచారకునికి ఆజ్ఞ ఇస్తే తప్పేమిటి?" ఇది వాళ్ల పెద్ద ఆయుధం. వచనం మొత్తం చదవండి. మనకు పరిచర్య చేయడానికి పంపబడినవారు అని ఉంది. పంపినవాడు ఎవడు? మనమా? ఆసుపత్రిలో నర్సమ్మ మనకు సేవ చేస్తుంది, కానీ డాక్టరు రాసిన మందే వేస్తుంది, మనం చెప్పిన సూది వేయదు. 91వ కీర్తనలో దూతలకు ఆజ్ఞాపించేవాడు దేవుడే. ఆ కీర్తనను పట్టుకుని, దూకు, దూతలు పట్టుకుంటారు అని చెప్పినవాడు ఎవడో మత్తయి 4వ అధ్యాయంలో ఉంది. గెత్సేమనేలో మన ప్రభువు ఏమన్నాడు? తండ్రిని వేడుకుంటే పన్నెండు సేనావ్యూహముల కంటే ఎక్కువ మంది దూతలను పంపుతాడు అన్నాడు. దూతల ప్రభువై ఉండి కూడా, శరీరధారిగా ఉన్న ఆ రాత్రి, తండ్రిని అడుగుతాను అన్నాడు. అడగకుండా సిలువకు వెళ్లాడు. ఏమి తెగువ మనది!

మిఖాయేలు స్వయంగా ఎంత అణకువ గలవాడో యూదా పత్రిక చెబుతుంది. మోషే శరీరం గూర్చి అపవాదితో వాదించినప్పుడు తన సొంత నోటితో తీర్పు చెప్పడానికి అతడు తెగించలేదు, గద్దింపును ప్రభువుకే విడిచిపెట్టాడు. సాతానుకే సొంతగా ఆజ్ఞ ఇవ్వని ప్రధానదూతకు, సేలం కుర్చీ మీద నిలబడి ఒక మనిషి ఆజ్ఞ ఇస్తాడు!

దూత రాకపోతే ఏం చేయాలి అని కొందరు తల్లులు మమ్మల్ని అడిగారు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఇంటిలో చదవండి. పేతురు చెరసాలలో ఉన్నాడు, సంఘం దేవునికి ప్రార్థన చేసింది, దూత వచ్చి విడిపించాడు. ఏ దూతో పేరు లేదు, ఎవరూ అడగలేదు. అదే అధ్యాయం మొదట్లో, రెండవ వచనంలో, యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. యాకోబు దగ్గరకు దూత రాలేదు. అతడు తక్కువ విశ్వాసం గలవాడా? ప్రభువు గెత్సేమనేలో వెంట తీసుకువెళ్లిన ముగ్గురిలో ఒకడు. అతని తల్లి కూడా ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఏడ్చే ఉంటుంది. ఆమె దగ్గరకు వెళ్లి, నువ్వు దూతను సరైన పేరుతో పిలవలేదమ్మా అని చెప్పగలవా? చెప్పలేవు. మరి మా ఊళ్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఎలా చెప్పారు? చెప్పారు. మేము విన్నాము.

రెండు పనులు చేయమని మా సంఘస్తులను కోరుతున్నాము. నూనె సీసా కొన్నవారు దాన్ని దీపంలో పోసుకోండి, మండుతుంది. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు, మానమని ఎవరైనా చెబితే రాత్రి పన్నెండు అయినా మా తలుపు కొట్టండి.

ఈ బోధ చేస్తున్న తోటి సేవకులకు మా బల్ల మీద భోజనం ఇంకా ఉంది. వచ్చేటప్పుడు బైబిలు తెచ్చుకోండి, దేవుని ప్రజలలో ఎవరైనా ఒక ప్రధానదూతకు ఆజ్ఞ ఇచ్చిన వచనం ఒక్కటి చూపించండి. వచ్చే ఆదివారం కూడిక అయ్యాక దానియేలు 9 నుంచి 12 వరకు అందరం కలిసి బిగ్గరగా చదువుతాము. చదవడం రానివారు కళ్లు బాగా కనబడే పిల్లలను వెంట తెచ్చుకోండి.